పన్నెండు టిక్కీల స్ప్రింగు

మొన్న సోమవారం పొద్దున మా సరోజినక్క జీపు ఎక్కనని చెప్పేసింది. ఎక్కకపోతే పోనీలే అనుకునే వ్యవహారం కాదిది. అక్కకి డెబ్బై తొమ్మిదేళ్ళు. మూత్రపిండాలు రెండూ పాడై ఏడాదిన్నర అయింది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్కులో డయాలసిస్ చేయించాలి. ఒకసారి తప్పితే కాళ్ళకి నీరు చేరుతుంది. వరసగా రెండుసార్లు తప్పితే ఊపిరితిత్తులకి చేరుతుందని, అప్పుడు తన దగ్గరికి తీసుకురావద్దని, నేరుగా పెద్దాసుపత్రికి పొమ్మని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. సోమవారం తప్పిపోయింది. మంగళవారమంతా వాన. గురువారం పొద్దున్నకల్లా అక్క మళ్ళీ ఎక్కేటట్టు జీపుని బాగుచేయించాలంటే నాకు మిగిలింది బుధవారం ఒక్కటే. ఆ ఒక్క రోజు ప్రయాణమే ఈ టపా. జీపుకి ఎత్తు పెంచే స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేయించాలని చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు చదవండి. నాకు సలహాలిచ్చిన పెద్దమనుషులు కూడా చదవాలి. వాళ్ళు ముఖ్యంగా చదవాలి.

మాది ప్రత్తిపాడు దాటి ఆరు కిలోమీటర్లు లోపలికి. అన్నీ పత్తి చేలు, మిరప చేలు. నేల నల్లరేగడి. ఎండలో అరచేయి పట్టేటంత నెర్రెలిస్తుంది, వానలో మోకాలి దాకా దిగుతుంది. నిరుడు వేసిన తారు రోడ్డు మొదటి వానకే అంచులు రాల్చింది, రెండో వానకి మధ్యలో ఊడింది. ఆ మిగిలినదాని మీద ఇనుప చక్రాల ట్రాక్టర్లు తిరిగి రెండు కాలవలు తవ్వాయి. ఆ కాలవల్లో చక్రాలు దిగితే జీపు కడుపు మధ్య గట్టు మీద ఆనుతుంది, చక్రాలు గాలిలో తిరుగుతాయి. ఆటోవాళ్ళు జూన్ నుంచి సంక్రాంతి దాకా మా ఊరి పేరెత్తితేనే తల అడ్డంగా ఊపుతారు. అంబులెన్సు ఒకసారి వచ్చింది. దాన్ని బయటికి లాగడానికి మా ఎదురింటి కోటయ్య ట్రాక్టరు వెళ్ళింది. అంచేత జీపు ఎత్తు పెంచక తప్పదు. ఇది సరదా కాదు, అవసరం.

నిరుడు ఇదే బ్లాగులో ఆ మాటే అడిగాను. పదిహేడు మంది జవాబిచ్చారు. పదిహేడు మందిలో నల్లరేగడి తొక్కినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన హిమాలయాల వీడియో పంపాడు. ఇంకొకాయన ఎడారి వీడియో పంపాడు. "రెండంగుళాలు లేపండి సార్, జీవితం మారిపోతుంది" అని ఒక కుర్రవాడు రాశాడు. మారింది నాయనా. శాఖా గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి, ఎవరూ ముట్టుకోని పుస్తకాలన్నీ నేనే చదువుకున్నవాణ్ణి. స్ప్రింగుల గురించి కూడా నెల రోజులు చదివాను. చదివి చదివి, చివరికి గుంటూరు రింగు రోడ్డులో అద్దాల గది, కాఫీ మిషను ఉన్న ఒక గ్యారేజీకి వెళ్ళి నలభై ఆరు వేలు పోశాను. ముందూ వెనకా కొత్త కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు, నాలుగు గ్యాస్ షాకులు. రెండంగుళాల ఎత్తు. జీపు కడుపు ఆనడం నిజంగానే ఆగింది. దానికి బదులు ప్రతి గుంటా నేరుగా అక్క వెన్నులోకి రావడం మొదలైంది.

"ఒరేయ్ శేషూ, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా, కల్లంలో మిరపకాయల్లాగా తొక్కిస్తున్నావా?" అని మొదట్లో వేళాకోళం చేసేది. తరవాత వేళాకోళం ఆగిపోయింది. దారిపొడుగునా పళ్ళు బిగబట్టి, ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చునేది. నాలుగు గంటలు రక్తం శుద్ధి చేయించుకుని, ఒంట్లో ఓపిక అంతా పిండేసినట్టయి, మళ్ళీ అదే దారిన తిరిగి రావాలి. ఒకసారి సూది తీసిన చోట చేతికి వేసిన కట్టు కింద నెత్తురు చెమ్మగిల్లింది. సోమవారం గడప దగ్గర నిలబడి, "నేను రాను. ఇంట్లో పోతే నిమ్మళంగా పోతాను" అంది. ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. కూరగాయలవాడితో బేరం తెగ్గొట్టినట్టు అంది. అందుకే నాకు భయం వేసింది.

బుధవారం ఆరింటికి బయల్దేరాను. వాన తెరిపిచ్చింది. మిరప నారు తట్టలతో కూలివాళ్ళు అప్పటికే చేలలోకి దిగారు, పత్తి పూత మీద ఉంది. ప్రత్తిపాడు దాకా ఆరు కిలోమీటర్లకి ముప్పావు గంట, అక్కణ్ణించి గుంటూరుకి అరగంట. ఇక్కడే ఒక మాట చెప్పాలి: మా కోటయ్య సోమవారమే నాతో అన్నాడు, "గుంటూరోళ్ళ దగ్గరికి ఎందుకు పెద్దాయనా, మార్టూరు దగ్గర మస్తాన్‌వలి ఉన్నాడు, రాళ్ళ లారీల కమాన్లు చేస్తాడు, నా ట్రాలీకి ఆయనే చేశాడు" అని. కానీ తప్పు చేసినవాడికి దిద్దుకునే అవకాశం ముందు ఇవ్వాలని నా నియమం. గ్యారేజీ తొమ్మిదిన్నరకి గానీ తెరవలేదు. యజమాని పదింటికి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. వాళ్ళు ఎప్పుడూ నవ్వుతూనే వస్తారు.

"కొత్త స్ప్రింగులు కదా సార్. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోతాయి" అన్నాడు.

"తిరిగింది మూడు వేల నాలుగు వందలు."

"అయితే సెట్ అయిపోయినట్టే సార్."

"మా అక్క నడుం విరుగుతోందయ్యా."

"ఇది ఆఫ్‌రోడ్ సెటప్ సార్, సోఫా కాదు. ఆంటీగారికి ఏదైనా కారు మాట్లాడుకోండి."

"ఆంటీ ఎవరయ్యా నీకు? కారు మా ఊరికి వస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

అప్పుడు అద్దాల బీరువాలోంచి ఇంకో షాకు తీశాడు. ఎర్ర రంగు. పక్కన తిప్పుకునే మర. ఎనిమిది మెట్లట. నాలుగూ కలిపి అరవై రెండు వేలు. ఇవి వేస్తే మెత్తబడుతుందా అని అడిగితే, "ఫీల్ మారుతుంది సార్" అన్నాడు. ఏం మారుతుందో అడిగితే మళ్ళీ అదే మాట. నేను లేచేసరికి వెనకనుంచి, "మీరు చెప్పిన లోడుకి తగ్గట్టే వేశాం సార్, మా తప్పేం లేదు" అన్నాడు. తప్పు చేసినవాళ్ళందరూ చివరికి అనేది ఇదేనని మనసులో తిట్టుకుని, కాఫీ ముట్టుకోకుండా బయటపడ్డాను.

హైవే ఎక్కి దక్షిణానికి తిప్పాను. చక్కటి రోడ్డు, టోలు మాత్రం దిట్టంగా వసూలు చేస్తారు, వెళ్ళడానికీ రావడానికీ విడిగా పెట్టుకోండి. చిలకలూరిపేట దాటేసరికి పన్నెండు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీవాళ్ళు తినే భోజన హోటలు కనిపిస్తే ఆపాను. తొంభై రూపాయలకి పప్పు, గోంగూర, చారు, గడ్డ పెరుగు, అన్నం మారు వడ్డింపు. వండేదీ వడ్డించేదీ ఒకే ఆవిడ. పేరు రమణమ్మట. బెంచీ మీద కూర్చోబోతూ నేను నడుం పట్టుకుని మొహం చిట్లించాను. గోంగూర ముద్ద నోట్లో పెట్టేసరికి కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"ఏ ఊరండీ మీది?" అంది.

"ప్రత్తిపాడు అవతల."

"గుంటూరు సీమాయన గోంగూరకే కళ్ళనీళ్ళా? మా పరువు తీసేటట్టున్నారే!"

"కారానికి కాదమ్మా. బండి కుదుపుకి."

ఆవిడ బయటికి తొంగి చూసి, "అంత ఎత్తు బండి ఎందుకండీ మీకు, ఎక్కడానికి నిచ్చెన వేసుకోవాలా?" అంది. పక్క బల్ల మీద లారీ డ్రైవర్లిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానీ వాళ్ళని మస్తాన్‌వలి షెడ్డు ఎక్కడని అడిగితే తినడం ఆపి మరీ దారి చెప్పారు: మార్టూరు రాకముందే సర్వీసు రోడ్డులోకి దిగాలి, బోర్డు ఉండదు, విరిగిన కమాన్ పట్టీల గుట్ట కనబడుతుంది, అదే గుర్తు.

మార్టూరుని ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు. నేను చదువుకున్న భూగోళంలో ప్రకాశం జిల్లా, నాకు అదే. ఆ చుట్టుపక్కల గ్రానైటు కోత మిల్లులు. ఒక్కో లారీ గది అంత రాయిని మోసుకుపోతుంది. వాటికి కమాన్లు కట్టే మనిషి చేతికి నా జీపు ఆటబొమ్మ. మస్తాన్‌వలికి అరవై ఉంటాయి, చెవిలో పెన్సిలు. నా కథంతా నిలబడి విన్నాడు. స్ప్రింగుల గురించి నేను చదివింది కూడా కొంత చెప్పాను. అదీ విన్నాడు. కిందికి వంగి చూడలేదు.

"మీ అక్కగారు ఎక్కడ కూర్చుంటారండీ?"

"వెనక, ఎడం పక్క."

వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. "పోనీండి" అన్నాడు. ఎక్కే ముందు వెనక షాకు తొడుగు పైకి జరిపి, లోపలి కడ్డీకి ఒక రబ్బరు బ్యాండు చుట్టాడు. సర్వీసు రోడ్డు గుంటల్లో ఒక కిలోమీటరు వెళ్ళి వచ్చాం. దిగి రబ్బరు బ్యాండు చూపించాడు. బొటనవేలు మందం జరిగింది.

"నాలుగు వేళ్ళు జరగాలండీ ఇది. జరగలేదంటే స్ప్రింగు కదల్లేదన్నమాట. స్ప్రింగు కదలకపోతే మనిషి కదులుతాడు."

"నేను అదే అంటున్నాను! చెత్త స్ప్రింగులు అంటగట్టాడు."

"ఆగండి పెద్దాయనా."

షెడ్డు గోడ వారగా గ్రానైటు దిమ్మలు పేర్చి ఉన్నాయి, మిల్లులో మిగిలిన ముక్కలు, అన్నీ ఒకే కొలతకి కోసినవి. ఒక్కొక్కటి ఒక టిక్కీ బరువు. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటాం, నలభై కిలోలకి కాస్త అటూ ఇటూ. రైతులు ట్రాలీ తెచ్చి ఇన్ని టిక్కీలు వేస్తానంటే, ఆయన అన్ని దిమ్మలు ఎక్కించి చూసి కమాను కడతాడట. ఆయనా, సుత్తి వేసే ఇంకొకాయనా కలిసి నా జీపు వెనక పన్నెండు దిమ్మలు ఎక్కించారు. "ఇప్పుడు మీరు కూర్చోండి, నేను నడుపుతాను" అన్నాడు.

అవే గుంటలు. జీపు పడవలాగా తేలింది. నా వీపు సీటుకి ఆనింది ఆనినట్టే ఉంది. రబ్బరు బ్యాండు నాలుగు వేళ్ళు జరిగింది.

"స్ప్రింగు చెత్తది కాదండీ, మంచి సరుకు. గుంటూరాయన అడిగినప్పుడు మీరేం బరువు చెప్పారు?"

"పన్నెండు టిక్కీలు" అన్నాను, వెనకున్న దిమ్మలు చూస్తూ.

"ఏడాదిలో ఎన్ని రోజులు వేస్తారు?"

"కోతలప్పుడు... రెండు రోజులు."

"పన్నెండూ వేశారా?"

"తొమ్మిది వేశాను."

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, అయినా నాకు చెంప మీద కొట్టినట్టయింది. "మీరొక్కరే కాదులెండి. అద్దంకి నుంచి చిలకలూరిపేట దాకా ఎవర్ని అడిగినా ఇంతే. బండి మోసే బరువు చెప్పరు. చేలో పండాలనుకున్న బరువు చెప్తారు. పదిమంది ముందు తక్కువ చెబితే పంట దెబ్బతిందనుకుంటారని వాళ్ళ భయం. సరే, మీ అక్కగారు ఎంత ఉంటారు?"

"నలభై ఒకటిన్నర కిలోలు." డయాలసిస్ ముందూ తరవాతా తూకం వేస్తారు కాబట్టి ఆ అంకె నాకు నా పుట్టినరోజు కంటే బాగా తెలుసు.

"అంటే ఒక టిక్కీ" అన్నాడు మస్తాన్‌వలి.

నెల రోజులు పుస్తకాలు చదివిన మనిషిని నేను. స్ప్రింగు బిగువు బరువుని బట్టి ఉండాలని మొదటి పేజీలోనే ఉంటుంది. చదివాను, కింద గీత కూడా గీశాను. కానీ ఆ అద్దాల గదిలో, నా పక్కన మా ప్రాంతం రైతులే ఇద్దరు కూర్చుని ఉండగా ఎంత లోడని అడిగితే, నాకున్న రెండెకరాల మిరప చేను మా తాతల నాటి ఇరవై ఎకరాలై నా నోట్లోంచి వచ్చింది. రోజూ ఎక్కే మనిషి నాకు గుర్తు రాలేదు. ఇది రాయడం నాకు సుఖంగా లేదు. అయితే గుంటూరాయన్ని వదిలేశానని ఎవరూ అనుకోకండి. మస్తాన్‌వలి అడిగినవి ఆయన కూడా అడగవచ్చు. రైతులు ఎక్కువ చెప్తారని రింగు రోడ్డులో కూర్చున్నవాడికి తెలియదా? తెలుసు. ఎక్కువ చెబితే ఎక్కువ పట్టీలు అమ్ముడవుతాయని కూడా తెలుసు.

పని రెండింటికి మొదలైంది. ఒక దిమ్మని అక్క కూర్చునే చోట పెట్టి ఉంచారు, దాని బరువు మీదే అంతా చూశారు. వెనక ఒక్కో కట్టలో ఎనిమిది పట్టీలుంటే మూడేసి తీసేశారు. మిగిలిన పట్టీలకి దాగలి మీద సుత్తితో దెబ్బ దెబ్బకీ వంపు పెంచి, మధ్యలో గ్రీజు పూసి మళ్ళీ కట్టారు. ముందు కట్టల్లోంచి ఒక్కో పట్టీ తీశారు. ఎత్తు వేరు, బిగువు వేరు అని నాకు అప్పుడు కళ్ళారా తెలిసింది. వంపు వల్ల ఎత్తు వస్తుంది, పట్టీల లెక్క వల్ల బిగువు వస్తుంది. దుకాణాల్లో ఈ రెంటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు. రెండంగుళాల్లో పావు అంగుళం తగ్గింది, అంతే. గ్యాస్ షాకులు తీసి పొడుగాటి నూనె షాకులు నాలుగు వేశాడు. "స్ప్రింగు మోస్తుంది, షాకు ఊగుడు ఆపుతుంది. స్ప్రింగు బిగుసుకుంటే షాకు ఎంత ఖరీదుదైనా చేసేదేం లేదండీ" అన్నాడు. ఎత్తు పెంచినప్పుడు బ్రేకు గొట్టాలు లాగుతున్నాయో లేదో చూడాలట. గుంటూరులో చూడలేదు. ఒకటి తీగలాగా బిగిసి ఉంది, మార్చాడు. షాకులూ గొట్టమూ కలిపి పన్నెండు వేల ఎనిమిది వందలు, పనికి నాలుగున్నర వేలు. ఆరున్నరకి వదిలాడు. వంద కిలోమీటర్లు తిరిగాక కమాన్లని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్ళీ బిగించుకోమన్నాడు.

గురువారం పొద్దున అక్క పాదాలు వేలితో నొక్కితే గుంటలు పడి అలాగే ఉండిపోయాయి. మంచం మీద కూర్చునే ఊపిరి తీస్తోంది. బండి బాగుచేయించానంటే నమ్మలేదు.

"కిందటిసారి కూడా బాగుచేయించాననే చెప్పావు."

"కల్లం దాకా రా అక్కా. నచ్చకపోతే వెనక్కి తిప్పేస్తాను."

"తిప్పకపోతే?"

"దూకెయ్."

కోటయ్యా నేనూ కలిసి ఎక్కించాం. కల్లం వచ్చింది. నేను బండి ఆపాను. తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. "ఆపావేం? రాత్రి నువ్వు చేసిన వంకాయ కూరలో ఉప్పెంత వేశావురా?" అంది. నేను గేరు వేశాను. ట్రాక్టరు కాలవలు, కూలిన కల్వర్టు, ఆ ఆరు కిలోమీటర్లూ ఆవిడ ఆపకుండా మాట్లాడింది. మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకుంది. వంకాయ కూర, నా చొక్కా గుండీ, కోటయ్య పెద్ద కోడలి గొంతు, ఎవర్నీ వదల్లేదు. పళ్ళు బిగబట్టుకున్న మనిషికి మాట్లాడటం కుదరదు కదా. బ్రాడీపేటలో తూకం వేస్తే మూడు కిలోల ఆరు వందల గ్రాముల నీరు ఎక్కువ ఉంది. డాక్టరమ్మ నన్ను చీవాట్లు పెట్టి, మిషను తగిలించింది. మధ్యాహ్నం అక్క అదే జీపులో ఇంటికి వచ్చింది. సోమవారం ఎన్నింటికి బయల్దేరాలో తనే అడిగింది.

ఫిబ్రవరిలో కాయ కోసినప్పుడు ఈ జీపు నాలుగు టిక్కీలకి మించి మోయదు. మస్తాన్‌వలి ముందే చెప్పాడు. కోటయ్య ట్రాలీ అద్దెకి తీసుకోవాలి, ఊళ్ళో నవ్వుతారు, నవ్వనీ. నల్లరేగడి రైతు ఎప్పుడూ రాబోయే పంటని చూసుకుని ఇల్లు కడతాడు, అప్పు చేస్తాడు, బండి కొంటాడు. నేను పుస్తకాల మధ్య బతికాను కాబట్టి ఆ జబ్బు నాకు లేదనుకున్నాను. ఉంది. ఆ జబ్బు మీద బతికే దుకాణాల మీద నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. కానీ మూడు వేల నాలుగు వందల కిలోమీటర్లు ఒక ముసలావిడ వెన్ను మీద నేను నడిపిన మాట కూడా నిజం. దాన్ని ఎవరి ఖాతాలోకీ తోయలేను.

మీలో ఎత్తు పెంచదలచుకున్నవాళ్ళకి చెప్పేది ఒక్కటే. గ్యారేజీకి ఒంటరిగా వెళ్ళకండి. ఆ బండిలో ఎక్కువ రోజులు ఎవరు కూర్చుంటారో వాళ్ళని, వాళ్ళు కూర్చునే సీట్లోనే కూర్చోబెట్టుకుని వెళ్ళండి. ఎంత బరువని అడిగితే మీరు నోరు తెరవకండి, వాళ్ళని చూపించండి.